మట్టి లైనర్ నిజంగా నీళ్లు ఆపుతోందా? ల్యాబ్ నంబరు వేరు, నేల నంబరు వేరు

ల్యాండ్‌ఫిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది చెత్త గుట్ట, వాసన, గద్దలు. దాని అడుగున ఏముందని అడిగేవాళ్లు చాలా తక్కువ. కానీ చుట్టుపక్కల బోర్లలో నీళ్లు బాగుంటాయా పాడవుతాయా అనేది తేలేది ఆ అడుగునే. వాన నీళ్లు చెత్తలోంచి దిగి నల్లటి రసంలా తయారవుతాయి, దాన్నే లీచేట్ అంటారు, అది భూమిలోకి ఇంకిపోకుండా ఆపడానికి అడుగున బంకమట్టి పొర వేసి దిమ్మిస కొట్టినట్టు రోలర్లతో గట్టిగా తొక్కిస్తారు. అదే క్లే లైనర్. అది లేకుండా ఏళ్ల తరబడి చెత్త పోస్తే ఏమవుతుందో జవహర్‌నగర్ డంప్‌యార్డు, దాని పక్కన పాడైపోయిన మల్కారం చెరువు చూసిన హైదరాబాద్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో దీనికి లెక్క రాశారు. అడుగున 90 సెంటీమీటర్ల మట్టి ఉండాలి, దాని పర్మియబిలిటీ, అంటే నీళ్లని తనలోంచి దిగనిచ్చే గుణం, సెకనుకి 10⁻⁷ సెంటీమీటర్లు దాటకూడదు, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు, అంటే గట్టి ప్లాస్టిక్ షీటు, పరవాలి. అమెరికాలో 1991లో వచ్చిన రూల్‌లో కూడా మట్టికి ఇదే నంబరు, మందం మాత్రం 60 సెంటీమీటర్లు. షీటు ఉందిగా ఇంక మట్టితో పనేంటి అని కొందరు అడుగుతారు. షీటుకి అతుకులు ఉంటాయి, పరిచేటప్పుడు రాయి గుచ్చుకుని చిల్లులు పడతాయి, ఆ చిల్లులోంచి దిగే చుక్కని ఆపేది కింద ఆనుకుని ఉన్న మట్టే, ఆ మట్టి వదులుగా ఉంటే షీటుకి చిన్న చిల్లు పడినా చాలు, నీళ్లు దారి చేసుకుని పోతాయి.

ఇంతకీ 10⁻⁷ అంటే ఎంత? పైన నీళ్లు నిలబడి ఉంటే, పెద్దగా ఒత్తిడేమీ లేకుండా ఊరికే బరువుకి కిందికి దిగుతున్నాయి అనుకుంటే, ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్ల నీళ్లు దిగుతాయి. ఎకరం నేలకి లెక్క వేస్తే రోజుకి 350 లీటర్లు, అంటే రెండు డ్రమ్ములకి కాస్త తక్కువ. మరీ సున్నా కాదు, కానీ తట్టుకోగలం. ఇప్పుడు అదే మట్టి 10⁻⁷ కాకుండా 10⁻⁵ అని తేలితే? రోజుకి ఎకరానికి 35 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లు ఏడు, ప్రతి రోజూ, భూమిలోకి. కాగితం మీద మైనస్ ఏడు, మైనస్ ఐదు పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి, అందుకే ఆ తేడా చాలామందికి పట్టదు. కానీ అది వంద రెట్ల తేడా.

చిక్కు ఎక్కడంటే, ఆ నంబరు ఎవరు ఎలా కొలిచారు అన్న దగ్గర. నేను చూసిన రిపోర్టుల్లో ఎక్కువ భాగం ల్యాబ్ టెస్టులే. మట్టి తెచ్చి జల్లించి, పెళ్లలన్నీ చితక్కొట్టి, కావాల్సినంత చెమ్మ కలిపి, అరచేతిలో పట్టేంత స్టీలు మౌల్డులో సుత్తితో కొట్టి, దాన్ని రబ్బరు తొడుగులో పెట్టి చుట్టూ ప్రెషర్ ఇచ్చి నీళ్లు ఎంత దాటుతున్నాయో చూస్తారు. టెస్టు తప్పని నేను అనట్లేదు, ఆ ముక్కకి అది కరెక్టే, కానీ ఆ ముక్క లైనర్ కాదు. లైనర్ అంటే ఎకరాల నేల, దాంట్లో పెళ్లలు, రాళ్లు, వేర్లు, రోలర్ సరిగ్గా తిరగని మూలలు, ఎండకి పడిన నెర్రెలు, ఒక పొర మీద ఇంకో పొర అతుక్కోని చోట్లు, అన్నీ ఉంటాయి. నీళ్లు మట్టిలోంచి కాదు, వీటిలోంచే పోతాయి. పోనీ లైనర్ వేశాక అందులోంచే ట్యూబు గుచ్చి శాంపిల్ తీస్తే సరిపోదా అంటే, గుచ్చేటప్పుడు అంచులు రుద్దుకుని సన్నటి పగుళ్లు మూసుకుపోతాయి, ల్యాబ్‌లో చుట్టూ ఇచ్చే ప్రెషర్‌కి మిగిలినవి కూడా దగ్గరపడతాయి, పైగా విరిగిపోయిన శాంపిల్‌ని పక్కన పడేసి బాగా వచ్చిన దాన్నే టెస్టు చేస్తారు. అంటే నేలలో బాగున్న చోటే ఎంచి మరీ కొలిచినట్టు.

ఇది అనుమానంతో అంటున్న మాట కాదు. టెక్సాస్ యూనివర్సిటీలో, ఆస్టిన్‌లో, డేవిడ్ డేనియల్ అనే ఆయన 1984లో కొన్ని క్లే లైనర్ల అసలు లీకేజీని వెనక్కి లెక్కగట్టి చూశారు. ల్యాబ్ చెప్పినదాని కంటే నేలలో పర్మియబిలిటీ 10 రెట్ల నుంచి 1000 రెట్ల దాకా ఎక్కువ వచ్చింది. మరుసటి ఏడాది ఆయన, స్టీవెన్ డే కలిసి ఇంకో పని చేశారు, కావాలని రెండు లైనర్లు కట్టారు, రెండు రకాల మట్టితో, పైన నీళ్లు నింపి ఎంత కారుతోందో నేరుగా కొలిచారు. ల్యాబ్ నంబర్లు ఆ దరిదాపుల్లో లేవు, నేల మీద రింగులు పెట్టి చేసిన టెస్టులు మాత్రం అసలు లీకేజీకి దగ్గరగా వచ్చాయి. ఫీల్డ్ టెస్టు అనేది ల్యాబ్ టెస్టుకి తోకలాంటిది కాదు, అసలు టెస్టు అదే అన్న ఆలోచన బలపడింది ఇలాంటి పనుల తర్వాతే.

ఎందుకు అంత తేడా వస్తుందో మన రైతుకి చెబితే వెంటనే అర్థమవుతుంది. వరి మడిలో దమ్ము ఎందుకు చేస్తాం? నీళ్లు పెట్టి, నాగలితోనో ట్రాక్టర్ కేజ్‌వీల్‌తోనో తొక్కించి, పెళ్ల అన్నది లేకుండా బురద చేస్తే ఆ మడిలో నీళ్లు నిలబడతాయి. దమ్ము సరిగ్గా పడని మడిలో పొద్దున పెట్టిన నీళ్లు సాయంత్రానికి కనపడవు, మట్టి అదే, పొలం అదే. లైనర్‌లో కూడా జరిగేది ఇదే. మట్టి పొడిగా ఉన్నప్పుడు తొక్కితే పెళ్లలు గట్టిగా ఉండి చితకవు, పెళ్లకీ పెళ్లకీ మధ్య సందులు మిగిలిపోతాయి, పైకి మాత్రం నేల రాయిలా గట్టిగా కనిపిస్తుంది, డెన్సిటీ టెస్టు కూడా పాసవుతుంది. అదే మట్టిని ఆప్టిమమ్ చెమ్మ కంటే, అంటే మట్టి అన్నిటికంటే గట్టిగా దిమ్మిస అయ్యే చెమ్మ కంటే, రెండు మూడు శాతం ఎక్కువ తడితో తొక్కితే పెళ్లలు మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆప్టిమమ్‌కి పొడి వైపు నుంచి తడి వైపుకి వస్తే పర్మియబిలిటీ పది రెట్లు, వంద రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడిపోతుందని 1960ల నుంచే తెలుసు. రోడ్డు పనులు చేసి వచ్చిన కాంట్రాక్టర్లకి ఇది మింగుడుపడదు, రోడ్డుకి కావాల్సింది బలం, తడి ఎక్కువైతే రోలర్ దిగబడుతుందని వాళ్ల భయం, వాళ్ల అలవాటు ప్రకారం అది న్యాయమే, కానీ ఇక్కడ కావాల్సింది బలం కాదు, సందులు లేకపోవడం.

రోలర్ సంగతి కూడా అంతే. నున్నటి డ్రమ్ రోలర్‌తో తొక్కితే పై మొహం అద్దంలా వస్తుంది, దాని మీద ఇంకో పొర పోస్తే రెండూ అతుక్కోవు, పై పొరలో పగులులోంచి దిగిన నీళ్లు ఆ మధ్య సందులో అడ్డంగా పాకి కింద పొరలో ఇంకో పగులు దొరికిన చోట దిగిపోతాయి. అందుకే పొడుగు కాళ్లున్న షీప్‌ఫుట్ రోలర్ వాడతారు, ఆ కాళ్లు కొత్త పొరని దాటి పాత పొరలోకి దిగి రెండిటినీ కుట్టేసినట్టు కలుపుతాయి. తొక్కాక ఒక్కో పొర 15 సెంటీమీటర్లు మించకుండా చూడాలి. ఇవన్నీ అరచేతిలో పట్టే ల్యాబ్ ముక్కలో కనపడతాయా? కనపడవు.

సరే, మరి నేల మీద ఎలా కొలవాలి? మొదట తట్టే ఆలోచన, నేలలో ఒక రింగు పాతి నీళ్లు పోసి ఎంత దిగిందో చూడటం. ఇసుక నేలకి, మామూలు పొలానికి ఇది బాగా పనిచేస్తుంది. లైనర్ దగ్గర మాత్రం బోల్తా పడుతుంది, ఎందుకో లెక్కలోనే ఉంది. 10⁻⁷ దగ్గర రోజుకి దిగేది మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా కాదు. మన ఎండలకి తొట్టిలో నీళ్లు రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది 5, దిగేది 0.09, ఈ రెండిట్లో దిగేదాన్ని స్కేలు పెట్టి విడిగా చూడటం ఎవరి వల్లా కాదు. తెరిచిన రింగుతో ఎవరైనా 10⁻⁷ వచ్చిందని రిపోర్టు ఇస్తే నేను ముందు ఆవిరి లెక్క ఎక్కడుందని అడుగుతాను.

దీనికి 1986లో డేనియల్, ట్రాట్‌వైన్ వివరంగా రాసిన పద్ధతి సీల్డ్ డబుల్ రింగ్ ఇన్‌ఫిల్ట్రోమీటర్, సైట్లో ఎస్‌డీఆర్‌ఐ అంటారు, ఇప్పుడు దానికి ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చిన డి5093 అనే స్టాండర్డ్ కూడా ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన టెస్టు, ఎందుకంటే ఇందులో పెట్టిన ప్రతి చిన్న ఏర్పాటుకీ ఒక కారణం ఉంది. బయట రింగు మామూలుగా 3.6 మీటర్ల చదరం, లోపలి రింగు 1.5 మీటర్ల చదరం, మూత ఉన్న పెట్టెలా ఉంటుంది. రెండిటినీ నేలలో సన్నటి కాలవలు తవ్వి దింపి, అంచుల్లోంచి నీళ్లు పోకుండా బెంటొనైట్ గ్రౌటుతో, అంటే నీళ్లు తగిలితే బాగా ఉబ్బే బంకమట్టి ముద్దతో, మూసేస్తారు. బయట రింగులో అడుగు ఎత్తు నీళ్లు పోస్తే లోపలి పెట్టె పూర్తిగా మునిగిపోతుంది. పెట్టెకి మూత ఉంది కాబట్టి లోపల ఆవిరి లేదు. బయట రింగులో నీళ్లు పక్కకి పాకినా, లోపలి పెట్టె కింద నీళ్లు నిటారుగా కిందికే దిగుతాయి. పెట్టెకి ఒక గొట్టం, ఆ గొట్టానికి నీళ్లు నింపిన మెత్తటి ప్లాస్టిక్ సంచి, సెలైన్ సంచిలాంటిది, దాన్ని బయట రింగు నీళ్లలోనే పెడతారు. లోపలా బయటా ఒకే ప్రెషర్ ఉంటుంది కాబట్టి పెట్టె పైకి లేవదు, ఉబ్బదు. నేలలోకి ఎంత నీరు దిగితే సంచిలోంచి అంత నీరు పోతుంది. సంచిని తీసి తూకం వేయడం, అంతే కొలత. స్కేలుతో చూడలేని దాన్ని తక్కెడతో చూడటం అన్నమాట.

ఇంక లెక్క. సంచి రోజుకి 500 గ్రాములు తగ్గింది అనుకుందాం. పెట్టె కింద నేల 22,500 చదరపు సెంటీమీటర్లు, రోజుకి 86,400 సెకన్లు, భాగిస్తే సెకనుకి 2.6 × 10⁻⁷ సెంటీమీటర్లు. అయ్యో ఫెయిల్ అనుకోకండి, ఇది పర్మియబిలిటీ కాదు, నీళ్లు దిగే వేగం మాత్రమే. దీన్ని గ్రేడియంట్‌తో భాగించాలి, అంటే నీళ్లని కిందికి తోసే బలంతో. ఆ బలం నేలలో తడి ఎంత లోతుకి దిగిందనే దాని మీద ఆధారపడుతుంది. తడి 15 సెంటీమీటర్ల లోతుకి వచ్చింది అనుకుంటే, పైన 30 సెంటీమీటర్ల నీళ్లు ఉన్నాయి కాబట్టి రెండూ కలిపి 45, దాన్ని 15తో భాగిస్తే గ్రేడియంట్ 3, పర్మియబిలిటీ 8.6 × 10⁻⁸, పాస్. అదే తడి 30 సెంటీమీటర్ల దాకా దిగిపోయి ఉంటే గ్రేడియంట్ 2, పర్మియబిలిటీ 1.3 × 10⁻⁷, ఫెయిల్. సంచి తూకం అదే, నేల అదే, తడి ఎక్కడిదాకా వచ్చిందని మనం అనుకున్నామో దాన్ని బట్టి తీర్పు మారిపోయింది! రిపోర్టు చదివేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. అందుకే పెట్టె చుట్టూ మూడు లోతుల్లో టెన్షియోమీటర్లు, అంటే మట్టి నీళ్లని ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే గొట్టాలు, పాతుతారు, తడి వాటి దాకా చేరగానే వాటి రీడింగు సున్నాకి పడిపోతుంది, అప్పుడు తడి ఎక్కడుందో ఊహించక్కర్లేదు. టెన్షియోమీటర్ రీడింగులు లేని ఎస్‌డీఆర్‌ఐ రిపోర్టు అంటే సగం రిపోర్టే.

ఇంకో మెలిక, ఇది మన రేగడి నేలలకి బాగా వర్తిస్తుంది. మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఆ ఉబ్బడానికి తాగిన నీళ్లు లైనర్ దాటిపోయినవి కావు, కానీ సంచిలోంచి మాత్రం తగ్గుతాయి. పది రోజుల్లో నేల ఒక్క మిల్లీమీటర్ పైకి లేచినా పెట్టె కింద అది 2,250 మిల్లీలీటర్లు, రోజుకి 225. మన 500 గ్రాముల్లో దాదాపు సగం ఉబ్బుకే పోయింది. అందుకని ఉబ్బు కొలిచే గేజి పెట్టి ఆ నీళ్లు తీసేయాలి, తీయకపోతే మంచి లైనర్ కూడా ఫెయిల్ అవుతుంది. మొదటి రోజుల్లో ఉబ్బు ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది, రీడింగులు నిలకడగా వచ్చేదాకా ఆగితే ఈ గొడవ చాలావరకు పోతుంది. ఉష్ణోగ్రత కూడా అంతే, మధ్యాహ్నం పెట్టెలో నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తే సంచి బరువు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అందుకే పైన కప్పు వేసి, రోజూ పొద్దున్నే ఒకే టైముకి తూకం వేస్తారు. వేసవిలో మన దగ్గర ఈ టెస్టు చేయాలనుకునేవాళ్లు పందిరి ఖర్చు ముందే రాసుకోవాలి.

దీని మీద అందరి ఫిర్యాదు ఒకటే, టైము. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. కాంట్రాక్టరు అన్ని రోజులు మెషిన్లు ఆపుకుని కూర్చోడు. అందుకే లైనర్ మీద కాకుండా, ముందే పక్కన టెస్ట్ ప్యాడ్ కడతారు. అసలు లైనర్‌కి వాడబోయే మట్టి, అదే రోలర్, అదే చెమ్మ, రోలర్ తిప్పడం కూడా అన్నే సార్లు, అదే డ్రైవరు అయితే ఇంకా మంచిది. ఆ ప్యాడ్ మీద టెస్టు పాసైతే, ఆ పద్ధతిలోనే లైనర్ మొత్తం కట్టి, కట్టేటప్పుడు చెమ్మ, డెన్సిటీ రోజూ చెక్ చేస్తారు. ఐడియా చాలా మంచిది, కానీ దాని ప్రాణం మొత్తం ఆ "అదే" అన్న మాటలో ఉంది. నేను ఒక సైట్లో చూశాను, ప్యాడ్ కట్టిన రోజు చెమ్మ కరెక్టుగా పెట్టి, మట్టిని రాత్రంతా నానబెట్టి, రోలర్‌ని ఎనిమిది సార్లు తిప్పారు, లైనర్ మొదలయ్యేసరికి ట్యాంకర్ రాలేదని పొడి మట్టి మీదే నీళ్లు చల్లి మూడు సార్లు తిప్పి వదిలేశారు, పైన చల్లిన నీళ్లు పెళ్ల లోపలికి వెళ్లడానికే గంటలు పడుతుంది. ఫైల్లో మాత్రం ప్యాడ్ రిపోర్టే ఉంది. ఆ రోజు గట్టిగా అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తొందరగా కావాలంటే బోర్‌హోల్ టెస్టు ఉంది, రెండు దశల టెస్టు, ఏఎస్‌టీఎం డి6391. లైనర్‌లో చిన్న రంధ్రం వేసి గొట్టం దింపి చుట్టూ బెంటొనైట్‌తో మూసి, గొట్టంలో నీళ్ల మట్టం ఎంత పడిపోతోందో చూస్తారు. మొదటి దశలో రంధ్రం అడుగు గొట్టం దగ్గరే ఆగుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువగా కిందికి దిగుతాయి, రెండో దశలో గొట్టం కిందికి ఇంకా తవ్వుతారు కాబట్టి పక్కలకి కూడా పోతాయి, రెండూ కలిపి నిలువు పర్మియబిలిటీ ఎంత, అడ్డం ఎంత అని విడదీయొచ్చు. పొరలు అతుక్కోకపోతే అడ్డం నంబరు పెద్దగా వచ్చి దొరికిపోతుంది, ఇది దీని గొప్పదనం. రోజుల్లో అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ అది చూసే నేల చాలా చిన్నది, నెర్రె ఒక అడుగు అవతల ఉంటే దీనికి తెలియదు. అందుకే ఒక్కటి చేసి వదిలేయకుండా ఒక ప్యాడ్‌లో అయిదారు చోట్ల చేయాలి. తీరిక, డబ్బు ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది, లైనర్ కింద ముందే పెద్ద పళ్లెంలాంటి లైసిమీటర్ పెట్టి కారింది నేరుగా పట్టుకోవడం. అన్నిటికంటే నమ్మకమైనది అదే.

ఈ టెస్టులన్నీ మంచి నీళ్లతోనే చేస్తారు, లీచేట్‌తో కాదు. గాఢమైన రసాయనాలు కొన్ని బంకమట్టిని కుంచించుకుపోయేలా చేసి పగులగొడతాయి, ప్రమాదకర వ్యర్థాల సైట్లలో ఇది అసలైన భయం, దానికి మళ్లీ ల్యాబ్‌లోనే ఆ ద్రవంతో విడిగా టెస్టు చేయాలి. అంటే ల్యాబ్‌ని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు, ఏ ప్రశ్న ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

అన్నిటికంటే నాకు భయం వేసేది పాసైన తర్వాత రోజుల గురించి. నల్లరేగడి చేలో ఏప్రిల్, మే నెలల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు మన ఊళ్లల్లో అందరం చూసినవే, మరీ అంత కాకపోయినా ఎక్కువ బంక ఉన్న ఏ మట్టైనా ఎండితే పగులుతుంది. తడిగా తొక్కిన లైనర్‌ని మీద షీటు పరవకుండా, మట్టి కప్పకుండా రెండు వారాలు ఎండకి వదిలేస్తే టెస్టులో వచ్చిన మైనస్ ఏడు ఇప్పుడు ఎండిన ఆ నేలది కాదు, టెస్టు చేసిన నాటి నేలది. తర్వాత వాన పడితే నెర్రెలు పైకి మూసుకున్నట్టే కనిపిస్తాయి, లోపల పూర్తిగా అతుక్కోవు. కాబట్టి మీ ఊరి దగ్గర ల్యాండ్‌ఫిల్ కడుతుంటే, పబ్లిక్ హియరింగ్‌కి వెళ్లే అవకాశం వస్తే, పర్మియబిలిటీ ఎంత అని అడగకండి, 10⁻⁷ అనే చెబుతారు. ల్యాబ్‌లో కొలిచారా నేల మీదా, ఏ టెస్టు, ఎన్ని చోట్ల, తడి ఎంత లోతుకి దిగాక లెక్క కట్టారు, టెస్టు అయిన తేదీకి షీటు పరిచిన తేదీకి మధ్య ఎన్ని రోజులు, ఆ రోజుల్లో లైనర్ మీద ఏం కప్పారు, ఇవి అడగండి.